మీకు తెలుసా? ఘాట్ ఎక్కే జీపులో ట్రాక్టరు ఇంజను

అరకు, పాడేరు, చింతపల్లి సంతలకు ఏళ్ల తరబడి జనాన్నీ సరుకునీ మోసిన పాత మహీంద్రా జీపుల్లో చాలావాటి బానెట్ కింద ఉన్నది పుట్టుకతో జీపు ఇంజను కాదు. పొలం దున్నడానికి తయారైన ట్రాక్టరు ఇంజను సంతతి అది.

మహీంద్రా కంపెనీ 1949లో బొంబాయిలో అమెరికా విల్లీస్ జీపుల్ని బిగించడం మొదలుపెట్టింది. అవి పెట్రోలు బండ్లు. 1963లో అదే కంపెనీ ఇంటర్నేషనల్ హార్వెస్టర్, వోల్టాస్‌లతో కలిసి ట్రాక్టర్ల కంపెనీ పెట్టింది. అక్కడి నుంచి వచ్చిందే బి-275 ట్రాక్టరు. 1973 చమురు సంక్షోభంతో పెట్రోలు ధర మండిపోయాక ఆ ట్రాక్టరు డీజిల్ ఇంజను జీపులోకి చేరింది.

ఆ తర్వాత జీపులకూ, బొలెరోలకూ వచ్చిన 2523 సీసీ ‘డీఐ’ ఇంజను కొలతలు చూడండి. బోరు 88.9 మి.మీ., స్ట్రోకు 101.6 మి.మీ. మిల్లీమీటర్లలో వింతగా కనిపించే ఈ అంకెలు అంగుళాల్లోకి మారిస్తే సరిగ్గా మూడున్నర, నాలుగు. ఇంటర్నేషనల్ హార్వెస్టర్ బ్రిటన్ శాఖ తన ట్రాక్టర్లకు రూపొందించిన బీడీ-154 ఇంజను బోరు, స్ట్రోకు కూడా ఇవే. నాగలి లాగడానికి కావలసింది వేగం కాదు, తక్కువ చుట్లు తిరిగినా గట్టిగా లాగే బలం. ఘాట్ మలుపులో నిండు జనంతో, బియ్యం బస్తాలతో ఆగి మళ్లీ కదలాల్సిన జీపుకూ కావలసింది అదే. ఏజెన్సీలో ఈ ఇంజను అన్నాళ్లు నిలదొక్కుకోవడానికి అసలు కారణం ఇదేనని నా నమ్మకం.

మధ్యలో ఫ్రాన్సు

ట్రాక్టరు ఇంజనుకూ డీఐకీ నడుమ ఒక ఫ్రెంచి అధ్యాయం ఉంది. 1979లో మహీంద్రా ఫ్రాన్సులోని ప్యూజో కంపెనీ నుంచి ఎక్స్‌డీపీ 4.90 అనే డీజిల్ ఇంజను తయారుచేసే లైసెన్సు తీసుకుంది. పేరులోని 4 సిలిండర్ల సంఖ్య, 90 బోరు మిల్లీమీటర్లు. మొత్తం 2112 సీసీ. మహారాష్ట్రలోని ఇగత్‌పురిలో మహీంద్రా ఇంజన్ల కర్మాగారం పెట్టింది. ‘ఎంఎం 540’ జీపు అనగానే పాత డ్రైవర్లకు గుర్తొచ్చే మెత్తని శబ్దం ఈ ప్యూజోదే. ట్రాక్టరు ఇంజనంత మొరటుది కాదు. కానీ చలి విషయంలో దానికి పట్టింపు ఎక్కువ. ఆ సంగతి కాసేపట్లో.

అంబాసిడర్‌లో వ్యాను ఇంజను

మన దేశంలో తయారైన మొదటి డీజిల్ కారు అంబాసిడర్. 1970ల చివర్లో దానికి బ్రిటన్ నమూనా 1489 సీసీ డీజిల్ ఇంజను పెట్టారు. దాని సత్తా సుమారు 40 హార్స్‌పవర్. టన్నుకు పైగా బరువున్న కారు శృంగవరపుకోట దాటి అనంతగిరి ఎక్కుడు మొదలెట్టాక ఆ ఇంజను ఎంత ఆయాసపడి ఉంటుందో ఊహించవచ్చు. దాంతో చాలామంది ఇంజన్లు మార్పించారు. మెకానిక్కులు వాటిలోకి ఎక్కించిన వాటిలో మెటాడోర్ వ్యాను ఇంజను ఒకటి. ఆ వ్యాన్లు చేసిన బజాజ్ టెంపోకు (ఇప్పుడు ఫోర్స్ మోటార్స్) ఇంజన్ల విషయంలో మెర్సిడెస్ బెంజ్‌తో సాంకేతిక బంధం ఉంది. మెర్సిడెస్ 240డి కారులో తిరిగిన ఓఎం 616 ఇంజను కుటుంబమే ఇక్కడ ఆ కంపెనీ ట్రాక్సు జీపుల్ని నడిపింది. జర్మనీలో కారుకు పెట్టిన ఇంజను మన దగ్గర ఊళ్ల మధ్య సర్వీసు బండికి అన్నం పెట్టిందన్నమాట.

అంబాసిడర్ కంపెనీ కూడా ఊరుకోలేదు. తర్వాతి అంబాసిడర్లకు జపాన్ ఇసుజు వారి 1995 సీసీ డీజిల్ ఇంజను అమర్చింది. 2014 మే నెలలో ఉత్తర్‌పారా కర్మాగారంలో అంబాసిడర్ తయారీ ఆగిపోయింది.

కొండ మీద గాలే తక్కువ

సముద్ర మట్టం దగ్గర వాతావరణ పీడనం 1013 మిల్లీబార్లు. వెయ్యి మీటర్ల ఎత్తులో అది దాదాపు 900. అరకు లోయ 900 మీటర్ల పైచిలుకు ఎత్తున ఉంది, దారిలోని కొండలు ఇంకా ఎత్తు. అంటే విశాఖలో పీల్చుకున్న దానికన్నా పదో వంతు తక్కువ గాలితో ఇంజను అక్కడ పనిచేయాలి.

పాత మెకానికల్ డీజిలు పంపుకు ఈ తేడా తెలియదు. గాజువాకలో పోసినంత డీజిలే గాలికొండ మలుపులోనూ పోస్తుంది. గాలి చాలని డీజిలు పూర్తిగా మండక మసిగా బయటికి పోతుంది. ఘాట్ మీద పాత జీపు వెనక నల్లటి పొగ కనిపిస్తే ఇంజను పాడైందని వెంటనే తేల్చేయకూడదు, అందులో కొంత పాపం ఎత్తుది. ‘లాగడం లేదు’ అని పంపు స్క్రూ తిప్పి డీజిలు పెంచడం మాత్రం శుద్ధ తప్పు. లేని గాలి డీజిలు పెంచితే రాదు. పొగ పెరుగుతుంది, పిస్టన్ నెత్తి కాలుతుంది, మైలేజీ పడిపోతుంది.

దీనికి సరైన మందు టర్బో. బయటికి పోయే పొగ వేగంతోనే ఒక పంకాను తిప్పి, గాలిని కుదించి సిలిండర్లలోకి నెట్టే ఈ ఆలోచనకు స్విట్జర్లాండ్ ఇంజనీరు ఆల్ఫ్రెడ్ బుకీ 1905లో పేటెంటు తీసుకున్నాడు.

నీళ్లూ ముందే మరుగుతాయి

వెయ్యి మీటర్ల ఎత్తులో నీరు 97 డిగ్రీల దగ్గరే మరుగుతుంది. ఎక్కుడు మీద పనిచేసే ఇంజను వేడి అక్కడికి చేరడం ఎంతసేపు? అందుకే రేడియేటరు మూత అంటే వట్టి మూత కాదు. దాని స్ప్రింగు లోపలి పీడనాన్ని పెంచి నీటిని 115 డిగ్రీలు దాటేదాకా మరగకుండా ఆపుతుంది. మూత రబ్బరు ఎండిపోతే ఆ రక్షణ పోయినట్లే. ఇంజను మొత్తం కొత్తగా చేయించి పాత మూతే పెట్టి పంపడం, తర్వాత హెడ్ గ్యాస్‌కెట్ పోయిందని మళ్లీ విప్పడం వర్క్‌షాపుల్లో మామూలుగా జరిగేదే. కొద్దిపాటి డబ్బుతో పోయేదానికి ఇంజనంత ఖర్చు ఎందుకు? మూత మార్చండి. వేడి మీద మాత్రం దాన్ని తిప్పకండి.

లంబసింగి పొద్దున

డీజిల్ ఇంజనులో స్పార్కు ప్లగ్గు ఉండదు. గాలిని గట్టిగా నొక్కితే పుట్టే వేడికే డీజిలు అంటుకుంటుంది. ప్యూజో రకం ఇంజన్లలో గాలి దాదాపు 22 వంతుల్లో ఒక వంతుకు కుదించుకుపోతుంది, వేడి 500 డిగ్రీలు దాటుతుంది. కానీ ఆ ఇంజన్లలో డీజిలు నేరుగా సిలిండర్లోకి కాక పక్కనున్న చిన్న గదిలోకి పడుతుంది. చలికి గడ్డకట్టినట్లున్న ఆ గది గోడలు వేడినంతా లాగేసుకుంటాయి. అందుకే వాటికి హీటరు ప్లగ్గులు తప్పనిసరి. నేరుగా పిస్టన్ నెత్తి మీదే డీజిలు చిమ్మే డీఐ ఇంజన్లకు ఆ బాధ చాలావరకు లేదు.

చలికాలం లంబసింగిలో ఉష్ణోగ్రత సున్నాకు దగ్గరగా దిగిన రోజులున్నాయి. ఇంజనే కాదు, డీజిలు కూడా ఆ చలికి మారుతుంది. అందులోని మైనం గట్టిపడి ఫిల్టరుకు అడ్డుపడుతుంది. భారత ప్రమాణాల్లో డీజిలు పారడం మానేసే ఉష్ణోగ్రతకు చలికాలం హద్దు 3 డిగ్రీలు, మిగతా కాలానికి 15 డిగ్రీలు. ఎండాకాలంలో నింపిన డీజిలు ట్యాంకులో మిగిలి ఉన్న బండి డిసెంబరులో మొరాయించవచ్చు. అందుకు కిరోసిన్ కలపడం పాత అలవాటు. మానుకోవాలి. డీజిల్ పంపు లోపలి సున్నితమైన భాగాలకు వేరే నూనె లేదు, వాటిలో పారే డీజిలే వాటికి నూనె. కిరోసిన్‌కు ఆ జిడ్డు తక్కువ.

మూడు పొగలు, మూడు కబుర్లు

నల్లపొగ: డీజిలు ఎక్కువ లేదా గాలి తక్కువ. ముందు ఎయిర్ ఫిల్టరు చూడండి. నీలిపొగ: ఇంజనాయిలు మండుతోంది, రింగులో వాల్వు సీళ్లో అరిగాయి. తెల్లపొగ చలి పొద్దున కాసేపు వచ్చి ఆగితే కంగారు లేదు. బండి వేడెక్కాక కూడా వస్తూ, రేడియేటరులో నీళ్లు తగ్గుతుంటే గ్యాస్‌కెట్ పోయినట్లు.

ఇంకో పరీక్షకు పనిముట్లు అక్కర్లేదు. ఇంజను నడుస్తుండగా ఆయిలు పోసే మూత తీసి చూడండి. సన్నటి ఆవిరి సహజం. బుసలు కొడుతూ పొగ తన్నుకొస్తుంటే సిలిండర్లో మండిన వాయువులు రింగులు దాటి కిందికి దిగుతున్నాయని అర్థం. అప్పుడే మెకానిక్కు ‘ఇంజను దించాలండీ’ అంటాడు.

దించాక ఏం జరుగుతుంది?

చెయిన్ పుల్లీకి వేలాడదీసి దించిన ఇంజనును కొండ మీది గ్యారేజీలోనే విప్పగలరు, బిగించగలరు. బోరింగు, క్రాంకు గ్రైండింగు వంటి యంత్రపు పనులకు మాత్రం సాధారణంగా మైదానానికి దిగాల్సిందే. గాజువాక దగ్గరి విశాఖ ఆటోనగర్ అలాంటి పనులకు పెట్టింది పేరు.

సిలిండరు అన్నిచోట్లా ఒకేలా అరగదు. పై రింగు వెనక్కి మళ్లే చోట ఎక్కువ, కింద తక్కువ. పిస్టన్ పక్కలకు ఒరుసుకునే దిశలో ఇంకాస్త ఎక్కువ. గుండ్రటి బోరు కోడిగుడ్డు ఆకారానికి తిరుగుతుంది. అందుకే మంచి మేస్త్రీ బోరు గేజీతో పైన, నడుమ, కింద, అడ్డంగా, నిలువుగా కొలుస్తాడు. ఒక్కచోట కొలిచి ‘బాగానే ఉంది’ అంటే నమ్మకండి. అరుగుదల హద్దు దాటితే బోరును 0.25 లేదా 0.50 మి.మీ. పెద్దది చేసి అదే సైజు పిస్టన్లు వేస్తారు. లైనర్లున్న ఇంజన్లలో పాత లైనరు పీకి కొత్తది దింపుతారు. బ్లాకు మాత్రం అదే ఉంటుంది. ఆ పాత ఇంజన్ల ఆయుష్షు రహస్యం అదే.

బోరు చేశాక హోనింగుతో గోడల మీద అడ్డదిడ్డంగా సన్నని గీతలు పెడతారు. అద్దంలా నున్నగా ఉంటేనే మంచిదనుకునేవాళ్లున్నారు. నున్నటి గోడ మీద ఆయిలు నిలవదు, రింగులు కుదురుకోవు. ఆ గీతలే కొత్త ఇంజనును బతికిస్తాయి.

క్రాంకు షాఫ్టు అరిగితే దాన్ని సన్నంగా గ్రైండు చేసి, ఆ మేరకు మందపాటి బేరింగులు వేస్తారు. ఇక్కడ చాలామంది పట్టించుకోనిది ఒకటుంది. మెయిన్ బేరింగు క్యాపులను బ్లాకుకు బిగించిన తర్వాతే ఫ్యాక్టరీలో రంధ్రం తొలుస్తారు. కాబట్టి ఏ క్యాపు ఆ చోటికే, ఆ దిక్కుకే సరిపోతుంది. కనెక్టింగు రాడ్లదీ అంతే. విప్పేటప్పుడు గుర్తులు పెట్టుకోకుండా అన్నీ ఒకే తట్టలో పడేసిన ఇంజను మళ్లీ కుదురుగా నడవడం కష్టం.

హెడ్డు వంకర పోతే ఫేసింగు చేయిస్తారు. డీజిలులో పిస్టన్‌కూ హెడ్డుకూ మధ్య సందు చాలా తక్కువ. చాలా ఇంజన్లలో పిస్టన్ నెత్తి బ్లాకు పైకి కాస్త లేచి ఉంటుంది. ఎంత లేచిందో కొలిచి, దానికి తగిన మందం గ్యాస్‌కెట్ ఎంచుకోవాలి. గ్యాస్‌కెట్ అంచున కనిపించే చిన్న నొక్కులు ఆ మందానికి గుర్తులు. కొట్లో ఉన్నదేదో తెచ్చి వేస్తే వాల్వు పిస్టన్‌కు తగలొచ్చు, లేదా నొక్కుడు చాలక పొద్దున్నే స్టార్టు కాకపోవచ్చు. హెడ్డు బోల్టులు నడుమ నుంచి బయటికి, విడతలు విడతలుగా, టార్కు రెంచితోనే బిగించాలి.

బిగించాక మొదటి వెయ్యి కిలోమీటర్లు ఓపిక పట్టాలి. నిండు లోడుతో ఘాట్ ఎక్కించడం తప్పే. గంటల తరబడి ఖాళీగా ఐడిల్‌లో ఉంచడమూ తప్పే. రెండోది చాలామందికి తెలియదు. ఒత్తిడి లేకుండా నడిస్తే రింగులు గోడకు అణగవు, బోరు మీద మెరుగు పట్టి ఆయిలు తాగడం మొదలవుతుంది.

ఇంత ఖర్చూ వృథా చేసే శత్రువు ఎర్రమట్టి దుమ్ము. పాత జీపుల్లో ఆయిల్ బాత్ ఎయిర్ ఫిల్టరు ఉంటుంది. అందులో ఆయిలు ఎండిపోయినా, గొట్టం క్లిప్పు వదులైనా దుమ్ము నేరుగా సిలిండర్లోకి పోయి కొత్త రింగుల్ని కొన్ని నెలల్లోనే తినేస్తుంది.

‘మైకో పంపు’

మైకో కంపెనీ పేరు బాష్ లిమిటెడ్‌గా మారింది 2008లో. అయినా మన మెకానిక్కులు ఇప్పటికీ మైకో పంపు, మైకో నాజిలు అనే అంటారు. 1951లో మొదలైన మోటార్ ఇండస్ట్రీస్ కంపెనీకి అది పొట్టిపేరు.

ఆ పంపులోని ప్లంజరుకూ దాని బారెలుకూ మధ్య సందు రెండు మూడు మైక్రాన్లు మాత్రమే. మనిషి వెంట్రుక మందం దాదాపు 70 మైక్రాన్లు. ఒక్కో ప్లంజరును దాని బారెలుతో జతగా నూరి తయారుచేస్తారు కనుక ఒకదాని ప్లంజరు ఇంకోదానిలో వేయకూడదు. పంపు పనిని గ్యారేజీలో నేల మీద చేయనివ్వకండి. దానికి దుమ్ములేని గదీ, టెస్టు బెంచీ ఉన్న షాపులు వేరే ఉన్నాయి. పని చేస్తున్న నాజిలు ఎదుట చెయ్యి పెట్టడం ఎప్పుడూ కూడదు. ఆ ధార చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోతుంది. పైకి చిన్న గాటే కనిపించినా ఆసుపత్రికి పరుగెత్తాల్సిందే.

తాళం తీసినా ఆగని ఇంజను

రింగులు బాగా అరిగిన డీజిల్ ఇంజను, లేదా టర్బో సీలు పోయిన ఇంజను, ఒక్కోసారి తన ఆయిలునే తాను తాగి నడవడం మొదలుపెడుతుంది. తాళం తిప్పినా, డీజిలు కట్ చేసినా ఆగదు. వేగం పెరుగుతూ పోయి చివరికి పేలిపోవచ్చు. ఆపే దారులు రెండు. గేరు బండి అయితే పెద్ద గేరు వేసి, బ్రేకు గట్టిగా తొక్కి పట్టి, క్లచ్చి వదిలేయాలి. లేదా ఇంజనులోకి గాలి పోయే గొట్టాన్ని చెక్కతోనో దళసరి పలకతోనో మూయాలి. చేత్తో కాదు. డ్రైవరు పని చేసే ప్రతివాళ్లూ ఇది నేర్చుకుని ఉండాలి.

కొత్త టాక్సీల సంగతి

పర్యాటకుల్ని అరకు తిప్పిన డీజిల్ స్విఫ్ట్, డిజైర్లలోని 1248 సీసీ ఇంజను ఇటలీ ఫియట్ రూపొందించింది. మారుతీ, టాటా, ఫియట్ కార్లలో అదే ఉండడంతో దాన్ని ‘జాతీయ ఇంజను’ అని పిలిచేవారు. 2020 ఏప్రిల్‌లో బీఎస్6 నిబంధనలు వచ్చాక మారుతీ డీజిల్ కార్లు ఆపేసింది. ఇలాంటి కారు ఇంజను మార్చాలంటే స్పానర్లు సరిపోవు, కంప్యూటరు కూడా ఒప్పుకోవాలి.

ఇదే కొండల్లో పెద్దన్న

కొత్తవలస–కిరండూల్ రైలు దారి బైలాడిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకు చేర్చడానికి 1960ల్లో వేసినది. సిమిలిగూడ స్టేషను ఎత్తు 996 మీటర్లు. ఒకప్పుడు దేశంలో అంత ఎత్తున ఉన్న బ్రాడ్‌గేజ్ స్టేషను ఇంకోటి లేదు. 1980ల మొదట్లో కరెంటు వచ్చేదాకా ఆ ఎక్కుడు మీద సరుకు లాగింది డీజిల్ ఇంజన్లే. వాటిని చూసుకోవడానికి 1965లో విశాఖలో డీజిల్ షెడ్డు పెట్టారు. అది దేశంలోకెల్లా పెద్దదిగా పేరుపడింది.

డబ్ల్యుడీఎం-2 రైలింజనులో 16 సిలిండర్లు. బోరు 9 అంగుళాలు, స్ట్రోకు పదిన్నర. ఒక్క సిలిండరే దాదాపు 11 లీటర్లు. అందులో నాలుగు డీఐ జీపు ఇంజన్లు ఇమిడిపోయి ఇంకా చోటు మిగులుతుంది. సత్తా 2600 హార్స్‌పవర్. సగం వయసు దాటిన ఇలాంటి ఇంజన్లను పటియాలాలోని రైల్వే కర్మాగారంలో పూర్తిగా విప్పి, 3100 హార్స్‌పవర్‌కు పెంచి మళ్లీ దారి మీదికి వదిలారు. పాతదాన్ని పారేయకుండా కొత్త సత్తాతో నిలబెట్టడమంటే అదీ!

2019 ఫిబ్రవరిలో వారణాసి కర్మాగారం ఇంకా ముందుకెళ్లింది. రెండు పాత డీజిల్ రైలింజన్లలో డీజిల్ ఇంజన్లు తీసేసి కరెంటు సరంజామా పెట్టి, 10,000 హార్స్‌పవర్ జంటగా మార్చింది.

అరకు వెళ్తూ విశాఖలో ఆగేవాళ్లు ఆర్కే బీచిలో కురుసుర జలాంతర్గామి చూడవచ్చు. 2002 నుంచి మ్యూజియం. అందులో మూడు డీజిల్ ఇంజన్లున్నాయి, ఒక్కోటీ 2000 హార్స్‌పవర్. వాటి పక్క నుంచే నడిచి వెళ్లొచ్చు.

దారి ఎవరు వేశారు?

జీపు ఎక్కే ఘాట్ రోడ్లకు ఒక బాధాకరమైన చరిత్ర ఉంది. గూడెం ప్రాంతంలో బాస్టియన్ అనే డిప్యూటీ తహసీల్దారు మన్యం గిరిజనులతో నర్సీపట్నం నుంచి కొండల్లోకి రోడ్డు పని చేయించి, సరిగా కూలి ఇవ్వలేదు. ఆ కడుపుమంట అల్లూరి సీతారామరాజు నడిపిన పోరాటానికి ఒక కారణం. 1922 ఆగస్టు 22న చింతపల్లి పోలీస్ స్టేషను మీద మొదటి దాడి జరిగింది. ఆ దారుల్లో ఇవాళ స్టీరింగు పట్టి బతుకుతున్న గిరిజన యువకులకు ఆ రోడ్డు మీద వాళ్ల తాతల చెమట బాకీ ఉంది. మంచి రోడ్డూ, నమ్మకమైన బండీ వాళ్లకు హక్కుగా రావాలని నేను కోరుకుంటాను.

కానుగ నూనెతో

1900 పారిస్ ప్రదర్శనలో ఒక డీజిల్ ఇంజను వేరుశనగ నూనెతో నడిచింది. డీజిల్ ఇంజను కనిపెట్టిన రుడాల్ఫ్ డీజిల్ 1913లో ఓడ ప్రయాణంలో మాయమై చనిపోయాడు. నూరేళ్ల తర్వాత మన గిరిజన పల్లె ఆ నూనెల దారిలో పేరు తెచ్చుకుంది. ఉమ్మడి ఆదిలాబాద్ జిల్లా పవర్‌గూడ మహిళలు కానుగ చెట్లు పెంచి, గింజల నూనె తీశారు. డీజిలుకు బదులుగా ఆ నూనె ఆదా చేసే 147 టన్నుల బొగ్గుపులుసు వాయువు లెక్కకు 2003లో ప్రపంచ బ్యాంకు వాళ్లకు 645 డాలర్లు చెల్లించింది.

అలాగని పచ్చి కానుగ నూనె జీపు ట్యాంకులో పోయకండి. అది డీజిలు కన్నా పది రెట్లకు పైగా చిక్కన. నాజిళ్లు జిగురు పట్టిపోతాయి. రసాయన పద్ధతిలో పలుచన చేసి బయోడీజిలుగా మార్చాకే వాడాలి.

ఇంజను మార్చితే బ్రేకు పోతుందా?

పోవచ్చు. ఈ శీర్షికలో ఒక్కటే గుర్తుపెట్టుకోగలిగితే ఇది గుర్తుపెట్టుకోండి.

బ్రేకు పెడలు తేలిగ్గా దిగడానికి చాలా బండ్లలో బూస్టరు ఉంటుంది. దానికి వ్యాక్యూం కావాలి. పెట్రోలు ఇంజనులో గాలి దారికి అడ్డుగా ఉండే థ్రాటిలు వల్ల ఆ వ్యాక్యూం దానంతటదే పుడుతుంది. పాత డీజిలులో సాధారణంగా అలాంటి థ్రాటిలు ఉండదు. కాబట్టి దానికి విడిగా వ్యాక్యూం పంపు ఉంటుంది, చాలా బండ్లలో ఆల్టర్నేటరు వెనకే బిగించి ఉంటుంది. పెట్రోలు బండికి డీజిలు ఇంజను ఎక్కించేటప్పుడు ఆ పంపు పెట్టకపోతే, లేదా మామూలు ఆల్టర్నేటరు బిగిస్తే, బ్రేకు చెక్కలా గట్టిపడుతుంది. చదును రోడ్డు మీద ఎలాగో తొక్కి నెట్టుకురావచ్చు. గరికబంద దగ్గర పాడేరు ఘాట్ దిగేటప్పుడు అలా కుదరదు.

ఇంకో మాట. డీజిలు ఇంజను బరువెక్కువ. ముందు కమాను పట్టీలు, షాక్ అబ్జార్బర్లు ఆ బరువుకు తగినవి ఉండాలి, లేకపోతే మలుపులో ముక్కు దిగిపోతుంది. గేరు బాక్సూ, క్రౌన్ పీనియనూ డీజిలు తక్కువ వేగానికి సరిపోవాలి. ఇంజను పట్టిందా లేదా అన్నది చివరి ప్రశ్న. ఆపగలదా, తిరగగలదా అన్నవే మొదటివి. దిగుడులో న్యూట్రల్ వేసి డీజిలు ఆదా చేయడమూ ప్రాణాంతకమే. ఎక్కిన గేరులోనే దిగాలి.

ఆర్సీలో నంబరు

రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్‌లో చాసిస్ నంబరుతో పాటు ఇంజను నంబరూ ఉంటుంది. ఆ నంబరు బ్లాకు మీద చెక్కి ఉంటుంది. పిస్టన్లు, లైనర్లు, క్రాంకు, హెడ్డు మార్చినా బ్లాకు అదే కాబట్టి నంబరు మారదు. ‘హాఫ్ ఇంజను’ పేరుతో వేరే బ్లాకు తెచ్చి వేస్తే నంబరు మారిపోతుంది. చాలామంది మెకానిక్కులు ఇది చెప్పరు.

1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం ఇలాంటి మార్పుకు రిజిస్ట్రేషన్ అధికారి అనుమతి కావాలి, మార్చిన 14 రోజుల్లో తెలియజేయాలి. తయారీదారు ఇచ్చిన నమూనాకు విరుద్ధంగా బండిని మార్చకూడదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. అంటే ఒకప్పటిలా ఏ కంపెనీ ఇంజను దొరికితే అది ఎక్కించే రోజులు పోయాయి. సొంత కారు రిజిస్ట్రేషన్ 15 ఏళ్లకు ముగుస్తుంది, ఆ తర్వాత ఐదేళ్లకోసారి పొడిగించుకోవాలి. అప్పుడు తనిఖీలో నంబరు కలవకపోతే బండి అక్కడే ఆగుతుంది.

పాత ఇంజను కొనేటప్పుడు అమ్మినవాళ్ల బిల్లు, అది ఏ బండి నుంచి తీసిందో చూపే కాగితం తీసుకోండి. ఆర్టీఏ ఆఫీసుకు వెళ్లి నంబరు ఎక్కించండి, ఇన్సూరెన్సు కంపెనీకి కూడా తెలియజేయండి. నిండా జనంతో ఘాట్ దిగే బండి కాగితాలు సరిగ్గా లేకపోతే ప్రమాదం జరిగిన రోజున నష్టపోయేది యజమాని ఒక్కడే కాదు, అందులో ఎక్కిన కుటుంబాలన్నీ.